ట్యూబు మీది అక్షరాలు

పోయిన సంక్రాంతికి రామసముద్రం పోయినప్పుడు మా పెదనాన్న కూతురు పొద్దు గూకేదాకా ఇంట్లోంచి బయటికి రాలేదు. నాకంటే ఆరేళ్లు పెద్ద. టమోటా తోటలో కూలీలతో సమానంగా వంగి పనిచేసే మనిషి, లోడు మదనపల్లె మార్కెట్ యార్డుకు పంపించాక గానీ నోట్లో ముద్ద పెట్టుకోని మనిషి, పండగపూట ముగ్గు కూడా వెయ్యకుండా లోపలి గదిలో కూర్చుని ఉంది. దగ్గరికి పోయి చూస్తే బుగ్గలు ఉడికించినట్టు ఎర్రగా ఉన్నాయి. ముక్కుకు రెండు పక్కలా సన్నటి ఎర్ర నరాలు, గడ్డం మీద గింజల్లాంటి పొక్కులు, చెంపల మీద ముందెప్పుడూ లేని నూగు.

"ఎండకు పోతే మంటరా. పొయ్యికాడ కూచుంటే మంట. పూసేది ఆపితే ఇంకా మంట" అంది.

ఏం పూసేది అని అడిగితే దిండు కింద నుంచి ట్యూబు తీసి ఇచ్చింది.

ఆ ట్యూబు నాకు తెలుసు. రెండేళ్ల కింద మొదటిసారి నేనే తెచ్చిచ్చాను. ఊర్లో దొరకలేదు, బెంగుళూరు నుంచి వచ్చేటప్పుడు పట్టుకురమ్మని వాట్సాప్‌లో ఫోటో పంపింది. మా అపార్ట్‌మెంటు ఎదురుగా ఉన్న మందుల షాపులో ఫోటో చూపించాను. అబ్బాయి చీటీ అడగలేదు. ఎన్ని కావాలన్నాడు. నాలుగు తీసుకున్నాను. తర్వాత ఏదో పెళ్లి ఫోటోలో అక్కను చూసి "ఏందక్కా, తెల్లగైపోయినావే" అని మెసేజి కూడా పెట్టాను.

నా ఉద్యోగం ఇంకొకరు రాసిన కోడు చదివి తప్పులు పట్టడం. తీరిక దొరికితే ఇంకొకరు రాసిన కథలు చదివి తప్పులు పట్టడం. ఆ నాలుగు ట్యూబుల మీదున్న పది లైన్లు మాత్రం చదవలేదు. ఈ వ్యాసం ఆలస్యంగా చేసిన ఆ చదువే. సాహిత్య వ్యాసం అనుకుని వచ్చినవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి, కథల దగ్గరికి కూడా వస్తాను.

ట్యూబు మీద మూడు పేర్లున్నాయి. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మోమెటాసోన్. మొదటిది చర్మంలో మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. రెండోది పైపొర తొందరగా రాలి కొత్తది వచ్చేలా చేస్తుంది. ఈ రెండూ రేపే మంటను అణచడానికి మూడోది, అది స్టెరాయిడ్. ఈ కూటమికి మూలం 1975లో అమెరికన్ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ ప్రకటించిన ఫార్ములా. ఆయన వాడిన స్టెరాయిడ్ వేరే, డెక్సామెథాసోన్. మంగు మచ్చల్లాంటి వాటికి, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా, కొన్ని వారాలు వాడి ఆపాల్సిన మందు. అదే 1975లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్‌లీ మార్కెట్లోకి వచ్చింది. ఆ రెండు సంఘటనలకూ సంబంధం లేదు. ఒకటి మందు, ఇంకొకటి సౌందర్య సాధనం. ఆ రెండింటినీ కలిపింది మా అక్కలాంటి పాఠకులు, నాలాంటి సరఫరాదారులు.

పేర్ల పక్కన ఎర్ర గీత, ఆర్ఎక్స్ గుర్తు, షెడ్యూల్ హెచ్ మందు అనీ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదనీ ఒక హెచ్చరిక. అంతా ఇంగ్లీషులో, కళ్లకు దగ్గరగా పెట్టుకుంటే తప్ప ఆనని అక్షరాల్లో. మా అక్క పదో తరగతి పాసైంది. తెలుగు గడగడా చదువుతుంది, ఒకప్పుడు వారపత్రికల్లో సీరియల్ ఒక్కటి వదిలేది కాదు. ఆమెకు ఆ ఎర్ర గీత ఒక డిజైను. "గీత ఉంది గదా, మంచి కంపెనీది అనుకుంటిని" అంది. ఇది నవ్వుకోడానికి చెప్పడం లేదు. ఏ రచనకైనా మనసులో ఒక పాఠకుడు ఉంటాడు. ఈ రచన మనసులో ఉన్న పాఠకుడు డ్రగ్ ఇన్‌స్పెక్టరు. పూసుకునే మనిషి కాదు. ఆ మనిషి కోసం తెలుగులో రాసింది ఒక్కటే, ప్రకటన.

ప్రకటనల్ని మనం కథలుగా చదవం. చదవాల్సింది. 2000 ప్రాంతాల్లో ఫెయిర్ అండ్ లవ్‌లీ వాళ్లది ఎయిర్ హోస్టెస్ ప్రకటన ఒకటి వచ్చేది. నా వయసు వాళ్లందరికీ గుర్తుండాలి. ఇంట్లో డబ్బుకు కటకట. తండ్రి, కొడుకు ఉండుంటే బాగుండేదని నిట్టూరుస్తాడు. కూతురు వింటుంది. క్రీము రాసుకుంటుంది, రంగు తేలుతుంది, విమానంలో ఉద్యోగం వస్తుంది, తల్లిదండ్రుల్ని పెద్ద హోటల్‌కి తీసుకుపోతుంది. ఐద్వా దీని మీద పోరాడింది, జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా పోయింది. 2003 నాటికి ప్రకటన ఆగిపోయింది.

ఐద్వా కోపం న్యాయమైనదే. ఐతే కథ పనిచేసిన పద్ధతి కూడా చూడాలి. అందులో పెళ్లి లేదు. వరుడు లేడు. ఆడపిల్ల ఉద్యోగం చేసి ఇల్లు నిలబెట్టే కథ అది. మన పత్రికల్లో బహుమతులు తెచ్చుకున్న ఎన్నో అభ్యుదయ కథల అస్థిపంజరం అదే. చదువు ఉండాల్సిన చోట క్రీము పెట్టారు, అంతే. సమస్య గురించి ఆ కథ అబద్ధం చెప్పలేదు. కొడుకు లేడని నిట్టూర్చే తండ్రులు మా వీధిలోనే ముగ్గురున్నారు అప్పుడు. ఇంటర్వ్యూలో మొహం చూస్తారన్నదీ అబద్ధం కాదు. పరిష్కారం దగ్గర మాత్రమే అబద్ధం చెప్పింది. అందుకే అంత బలంగా నాటుకుంది. ఆ తర్వాత జెనీలియా క్రికెటర్ శ్రీకాంత్ పక్కన కూర్చుని కామెంటరీ చెప్పిన ప్రకటన కూడా అదే కథ, ఉద్యోగం మారింది.

2014లో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమాలు పెట్టింది. చామనగా ఉన్నవాళ్లను దిగులుగా, ఓడిపోయినట్టుగా, ఎవరూ పట్టించుకోనట్టుగా చూపించకూడదు. రంగు వల్లనే ఉద్యోగం, పెళ్లి దక్కినట్టు చూపించకూడదు. మంచిదే. కథకుడి వైపు నుంచి చూస్తే మొదటి అంకం కోసేశారన్నమాట. అప్పటికే ముప్పై తొమ్మిదేళ్లుగా మొదటి అంకం చూసి కంఠతా పట్టిన ప్రేక్షకులకు మళ్లీ చూపించే అవసరం ఏముంది? 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత కంపెనీ పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టింది. మా ఊరి అంగడిలో ఇప్పటికీ ఫెయిర్ అండ్ లవ్‌లీ అని అడుగుతారు, గ్లో అండ్ లవ్‌లీ చేతికిస్తారు. ఎవరికీ అయోమయం లేదు.

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. అక్క మొహం కాల్చింది ఆ క్రీము కాదు. అందులో ముఖ్యంగా చెప్పుకునే పదార్థం నియాసినమైడ్, బి3 విటమిన్ రూపం. అది స్టెరాయిడ్ కాదు. అక్క చిన్నప్పటి నుంచీ అది రాసుకుంది, ఏమీ కాలేదు. చెప్పాలంటే, ఏమీ కాకపోవడంతోనే ఇదంతా మొదలైంది. ఇరవై ఏళ్లు కథ విని ముగింపు కోసం కాచుకున్న మనిషికి ఎవరో బ్యూటీ పార్లర్ ఆవిడ ఇంకో ట్యూబు పేరు చెప్పింది. వారంలో ముగింపు వచ్చేసింది.

మగవాళ్ల క్రీము మీద ఢిల్లీలో నడిచిన కేసు ఒకటి ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. ఒకాయన 2013లో 79 రూపాయలు పెట్టి ఇమామీ వాళ్ల ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ కొని, చెప్పినట్టే వాడాను, తెల్లబడలేదు అని వినియోగదారుల ఫోరానికి పోయాడు. క్రీము ఒక్కటే చాలదు, మంచి తిండి, వ్యాయామం, ఆరోగ్యకరమైన అలవాట్లు కూడా ఉండాలని కంపెనీ వాదన. అవన్నీ ప్యాకెట్ మీద రాయలేదు కదా అంది ఫోరం. 2024 డిసెంబరులో 14.5 లక్షల రూపాయలు కట్టమంది. నాకు ఆ కేసు నచ్చింది తీర్పు వల్ల కాదు. ప్యాకెట్ మీద రాసింది ఒక మనిషి అక్షరాలా చదివి, అక్షరాలా నిలదీశాడు. పాఠకుడంటే అట్లా ఉండాలి.

చట్టం కూడా రచనే. దాన్నీ చదవాలి. 1940 నాటి మందులు, సౌందర్య సాధనాల చట్టం సౌందర్య సాధనాన్ని నిర్వచిస్తూ, శుభ్రం చేయడానికో, అందం పెంచడానికో, రూపం మార్చడానికో ఒంటికి రాసేది, చల్లేది అంటుంది. అదే చట్టం కింద వచ్చిన నియమాల్లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. ఏ మందూ నయం చేస్తానని చెప్పుకోకూడని వాటి జాబితా. ఎయిడ్స్, క్యాన్సర్, మధుమేహం, బట్టతల ఉన్న ఆ జాబితాలో చర్మం తెల్లబడటం కూడా ఉంది. అంటే మందు అని పేరు పెట్టుకుంటే తెలుపు చేస్తానని చెప్పకూడదు. సౌందర్య సాధనం అని పేరు పెట్టుకుంటే నాలుగున్నర దశాబ్దాలు ఆ మాటనే పేరుగా పెట్టుకుని అమ్మొచ్చు. ఒక గేటుకు తాళం వేసి పక్క గోడ కట్టడం మర్చిపోయిన ఇంటిలా ఉంది. ఇట్లాంటి కోడు రివ్యూకి వస్తే నేను వెనక్కి పంపిస్తాను.

ఇంకొక చోటు ఇంకా విచిత్రం. చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా షెడ్యూల్ హెచ్. దాని అడుగున ఒక గమనిక ఉండేది. పైపూతగా వాడే మందులకు, కంటి చుక్కల వంటి కొన్నింటికి తప్ప, ఈ షెడ్యూల్ వర్తించదని. మాత్ర రూపంలో చీటీ అడగాల్సిన స్టెరాయిడ్, క్రీము రూపంలో ఆ గమనిక చాటున కౌంటరు దాటిపోయింది. చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఏళ్ల తరబడి వెంటపడితే 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులకు ఆ మినహాయింపు తీసేశారు. ఇంత నష్టం ఒక ఫుట్‌నోట్‌లోంచి నడిచిందంటే, ఫుట్‌నోట్లు చదవని పాఠకుడిగా నాకు సిగ్గేసింది.

ఐతే నేను బెంగుళూరులో ట్యూబులు కొన్నది ఆ సవరణ వచ్చిన చాలా ఏళ్లకు. చట్టంలో అక్షరం మారింది. ట్యూబు మీద గీత వచ్చింది. షాపులో అబ్బాయి చెయ్యి మాత్రం అరలోకి అంతే తేలిగ్గా పోయింది. నా చెయ్యి జేబులోకి అంతే తేలిగ్గా పోయింది. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టాన్ని సవరించి, తెలుపు చేస్తామనే ప్రకటనలకు మొదటిసారి రెండేళ్ల జైలు, పది లక్షల జరిమానా దాకా పెట్టాలని 2020 ఫిబ్రవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. అది ముసాయిదాగానే మిగిలింది.

స్టెరాయిడ్ రాస్తే ఎందుకు తెల్లబడతారో తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. 1962లో మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు ఒక పరీక్ష ప్రకటించారు. స్టెరాయిడ్ ఎంత బలమైనదో తెలుసుకోవాలంటే చర్మం మీద పూసి, ఆ చోటు ఎంత పాలిపోయిందో చూడటం. రక్తనాళాలు ముడుచుకుంటాయి, చర్మం తెల్లబడుతుంది. ఎంత తెల్లబడితే మందు అంత ఘాటు. అంటే నేను ఫోటో చూసి మురిసిపోయిన ఆ తెలుపు ప్రయోగశాలలో మందు బలానికి కొలత. అక్క మొహం మీద రెండేళ్లు ఆ పరీక్ష నడిచింది. ఆపేసరికి ముడుచుకున్న నాళాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఎరుపు, మంట, పొక్కులు. మళ్లీ పూస్తే అణుగుతుంది. అందుకే "ఆపితే ఇంకా మంట". ఈలోగా చర్మం పల్చబడి కింది నరాలు కనిపించడం మొదలవుతుంది.

డాక్టర్లు దీనికి ఒక పేరు పెట్టారు, స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న మొహం అని అర్థం వచ్చేలా. 2011లో మన దేశంలోని పన్నెండు ఆస్పత్రుల్లో చేసిన అధ్యయనం ఒకటి చదివాను. మొహం మీద చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని చూస్తే 433 మంది స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లే. వాళ్లలో 29 శాతం దాన్ని తెలుపు క్రీముగానో, రోజువారీ క్రీముగానో, గడ్డం గీసుకున్నాక పూసుకునేదిగానో వాడారు. దాదాపు అరవై శాతం మందికి ఆ మందు చెప్పింది డాక్టరు కాని మనిషి. ఎంతో అవసరమైన పని. కానీ ఆ వ్యాసం శీర్షికలో ఒక మాట నన్ను గుచ్చింది, దుర్వినియోగం అనే అర్థమిచ్చే మాట. ఈ విషయం మీద వచ్చే వ్యాసాలన్నిటికీ అదే మాట. ఎవరు చేసిన దుర్వినియోగం? వాక్యంలో కర్త లేదు. మందు చెప్పిన పార్లర్ ఆవిడ, చీటీ అడగని షాపు, తెచ్చిచ్చిన తమ్ముడు, అందరూ ఆ కర్త లేని వాక్యం వెనక దాక్కోవచ్చు. మిగిలేది అద్దం ముందు కూర్చున్న ఆడమనిషి ఒక్కతే.

ఇంకా ఘోరమైనవి ఉన్నాయి. కేరళలో కోట్టక్కల్ ఆస్పత్రి డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా తమ దగ్గరికి వచ్చిన ఒక రకం కిడ్నీ జబ్బు కేసులు 22 పరిశీలించారు. పదిహేను మందిలో జబ్బు ఒక ప్రత్యేకమైన రకం. ఆ పదిహేనులో పదమూడు మంది తెలుపు క్రీములు వాడుతున్నారు. అనుమానం పాదరసం మీద. పాదరసం కూడా మెలనిన్‌ను ఆపుతుంది, చర్మంలోంచి ఇంకి కిడ్నీలకు చేరుతుంది. మినమాటా ఒప్పందం క్రీముల్లో పాదరసానికి పది లక్షల్లో ఒక వంతు హద్దు పెట్టింది, 2023లో ఆ హద్దు కూడా తీసేసి అసలే ఉండకూడదంది. ఒప్పందం మీద మన దేశం సంతకం ఉంది. తయారుచేసినవాడి పేరే లేని డబ్బాకు ఏ సంతకం అడ్డమొస్తుంది?

సరే, కథల దగ్గరికి వస్తానన్నాను.

ఈ సంక్రాంతి తర్వాత నా పాత తెలుగు కథా సంకలనాలు తిరగేశాను. మన కథానాయికలు దబ్బపండు ఛాయలో ఉంటారు. మేలిమి ఛాయలో, పసిమి ఛాయలో ఉంటారు. నల్లగా ఉండే ఆడవాళ్లు కూడా ఉంటారు, ఐతే వాళ్ల వెంట ఒక చిన్న ప్రత్యయం తోకలా వస్తుంది. "నల్లగా ఉన్నా కళగల మొహం." ఆ "ఉన్నా" చూడండి. ఏ రచయిత అయినా "తెల్లగా ఉన్నా కళగల మొహం" అని రాశాడా? రంగుల మీద ద్వేషం లేని మంచి రచయితలు, పేదవాళ్ల పక్షాన నిలబడిన రచయితలు కూడా ఆ "ఉన్నా" దగ్గర చెయ్యి ఆపలేదు. ప్రకటనల వాళ్లకు మొదటి అంకం రాసిపెట్టింది మనమే అనిపించింది.

ఎప్పుడూ ఇట్లాగే లేదు. మా అవ్వల తరంలో మా వైపు నల్లమ్మ, కర్రెప్ప అని నిక్షేపంగా పేర్లు పెట్టుకున్నారు. పోతన భాగవతంలో గోపికలు చెట్టు చెట్టునూ అడుగుతూ వెతికింది నల్లనివాడినే. "చామనచాయ" అనే మాటకు మూలం శ్యామ అంటారు, అది దేవుడి రంగు. ఇప్పుడు పెళ్లిళ్ల పేరయ్య నోట్లో ఆ మాటకు అర్థం "కట్నం కొంచెం ఎక్కువ చూసుకోండి" అని. దళిత స్త్రీల రచనలతో గోగు శ్యామల తెచ్చిన సంకలనానికి "నల్లపొద్దు" అని పేరు పెట్టినప్పుడు ఆ మాటను మళ్లీ నిటారుగా నిలబెట్టింది. ఆ పేరులో "ఉన్నా" లేదు. రంగుకూ కులానికీ ఎండలో చేసే పనికీ మధ్య ఉన్న ముడి మన తక్కిన సాహిత్యం చూడలేదని కాదు, చూసి వర్ణన అనుకుంది. సినిమావాళ్లలో సాయిపల్లవి రెండు కోట్ల ప్రకటన వద్దన్నదని 2019లో అందరం షేర్ చేసుకున్నాం. నేనూ చేశాను. ట్యూబులు కొన్నది ఆ తర్వాతే.

అక్కను చర్మం డాక్టరుకు చూపించాం. ఒక్కసారిగా ఆపొద్దు, మెల్లమెల్లగా తగ్గించాలని వేరే మందులు రాశారు. నెలలు పడుతుంది, అంతవరకూ ఎండ తగలకూడదని చెప్పారు. టమోటా తోట ఉన్న మనిషికి ఎండ తగలకూడదు. అక్క మందుల చీటీ నా చేతికిచ్చి, ఏది పొద్దున, ఏది రాత్రి అని తెలుగులో రాసిమ్మంది. అట్టపెట్టెల మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసిచ్చాను.

పాత ట్యూబు ఏం చేశావు అని అడిగాను. ఒకటి సగం అయ్యింది, అది పారేసిందట. విప్పనిది ఇంకొకటి ఉండింది, డబ్బు పెట్టి కొన్నది పారేయబుద్ధి కాలేదు, పక్కింటి అమ్మాయికి నిశ్చితార్థం దగ్గరికొచ్చిందని ఇచ్చింది. "ఎప్పుడిచ్చినావక్కా?" అంటే, "నీ మంట మొదలైంది ఆ క్రీముతోనే అని నువ్వు చెప్పకముందు" అంది.

ఇద్దరం అప్పుడే పోయాం. అక్క కొంగు మొహం మీదికి లాక్కుని నా వెనక నిలబడింది. ఆ అమ్మాయి వరండాలో గోరింటాకు రుబ్బుకుంటోంది. నేను ట్యూబు గురించి చెప్పాను, స్టెరాయిడ్ అన్నాను, గీత అన్నాను, అక్క మొహం చూడమన్నాను. చూసింది. పాపం అంది. తర్వాత తన చెంప తడుముకుని, "నాకు బాగానే పనిచేస్తా ఉంది కదన్నా" అంది.